పాఠకుల ప్రశ్నలు: శ్రావణంలో చెమట, కార్తీకంలో వాన

ప్రశ్న: శ్రావణ భాద్రపదాలు వర్షఋతువని మా పాపకు బడిలో నేర్పుతున్నారు. మా ఇంట్లో చూస్తే వరలక్ష్మీ వ్రతం నాడు కట్టుకున్న పట్టుచీర చెమటకు తడిసిపోతోంది, కార్తీకంలో గుమ్మం ముందు పెట్టిన దీపం వానజల్లుకు కొండెక్కుతోంది. మా అత్తగారేమో మాసాలను పట్టించుకోకుండా కార్తెలను బట్టి ఇంటి పనులు పెట్టుకుంటారు. పాప పుస్తకాన్ని నమ్మాలా, అత్తగారి లెక్కను నమ్మాలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆరు ఋతువులనూ పాపకు తప్పకుండా నేర్పండి, మన పండుగలూ వ్రతాలూ ఆ మాసాల మీదే నడుస్తున్నాయి. వాన విషయంలో మాత్రం మీ అత్తగారి లెక్కనే నమ్మండి.

జూన్ మొదట్లో కేరళ తీరాన్ని తాకే నైరుతి గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడే తన నీటిలో చాలాభాగాన్ని అక్కడ కురిపించేస్తుంది. కనుమలకు ఇవతల ఉన్న మనకు మిగిలేది ఆషాఢపు ఈదురుగాలి, కురవని మబ్బు, ఆగస్టు సెప్టెంబరుల్లో కొన్ని సాయంత్రాలు ఉరిమి కురిసే జల్లులు. అక్టోబరు రెండో సగంలో గాలి దిక్కు మార్చుకొని ఈశాన్యం నుంచి వీచడం మొదలుపెట్టినప్పుడు బంగాళాఖాతం మీది తేమ నేరుగా మన మీదికి వస్తుంది. దానికి ఒక వాయుగుండం తోడై, ఆ గాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేచిందంటే ఇక ముసురే. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి, కపిలతీర్థం దగ్గర కొండ మీది నీరు విరుచుకుపడిన సంగతి, తిరుమల కనుమదారులను మూసివేసిన సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. అవి కార్తీక పౌర్ణమి రోజులు, పంచాంగం ప్రకారం ఆకాశం తేటగా ఉండవలసిన శరదృతువు.

కార్తె లెక్క ఎందుకు నిలకడగా ఉంటుందంటే, అది సూర్యుణ్ణి పట్టుకొని నడుస్తుంది. సూర్యుడు ఏడాదిలో 27 నక్షత్రాలనూ దాటుతాడు కాబట్టి ఒక్కొక్క కార్తె 13, 14 రోజులుంటుంది. రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, స్వాతి అక్టోబరు 24 ప్రాంతంలో వస్తాయి. చాంద్రమాసానికి ఆ నిలకడ లేదు. 2023లో అధిక శ్రావణం రావడంతో నిజ శ్రావణం ఆగస్టు మూడో వారానికి గానీ మొదలుకాలేదు. ఆ ఏడాది శ్రావణాన్ని చూసి పని పెట్టుకున్న ఇల్లాలికీ అంతకుముందు ఏడాది అలాగే పెట్టుకున్న ఇల్లాలికీ ఆకాశం ఒకేలా కనిపించదు.

మీ అత్తగారు ఏ కార్తెలో ఏ పని పెట్టుకుంటారో మీరు రాయలేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయని చెప్పే పెద్దవాళ్లు ఆ ఎండను వృథా పోనివ్వరు. ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు, పప్పులు మృగశిర వచ్చేలోగా ఎండి డబ్బాల్లోకి చేరిపోతాయి. స్వాతి రాకముందే చేయవలసిన పని ఒకటుంది, దాన్ని ఈ తరం ఇళ్లలో తరచుగా మరిచిపోతున్నారు. మిద్దె మీద నీళ్లు పోయే తూములోకి ఒకసారి చేయి పెట్టి చూడండి. కానుగాకులు, దుమ్ము, ఏ పక్షో తెచ్చి పడేసిన పుల్లలు కలిసి అట్టకట్టి ఉంటాయి. దాన్ని పెకలించి తీసి, ఒక బిందెడు నీళ్లు పోసి, అవి గలగలా కిందికి దిగేదాకా నిలబడి చూడాలి. పడకగది పైకప్పు చెమ్మ పట్టడానికి చాలా ఇళ్లలో కారణం వాన కాదు, ఆ తూమే. అత్తగారు ఆ పని చేసేటప్పుడు పాపను పక్కన నిలబెట్టండి.

పలమనేరు, కుప్పం వైపు పాఠకులకు ఒక మాట. మీది ఎత్తైన నేల, మీ ఎండ తిరుపతి ఎండ కాదు, వానలు కూడా మీకు కొంత ముందే అందుతాయి. కార్తెల తేదీలు అందరికీ ఒకటే, పైన చెప్పిన పనుల వేళలను మాత్రం మీ ఊరి పెద్దలను అడిగి సవరించుకోండి.

ప్రశ్న: వానలు పట్టగానే కందిపప్పుకు పురుగు వస్తోంది. వేపాకు వేసినా ఆగడం లేదు.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వేపాకు పచ్చిగా వేస్తే దాని చెమ్మే పప్పుకు చేటు. పప్పును బాగా ఎండబెట్టి, వేడి చల్లారాక, కిలోకు రెండు చిన్న చెంచాల ఆముదం చొప్పున వేసి ప్రతి గింజకూ అంటేలా అరచేతులతో రుద్దండి. పురుగు తన గుడ్లను గింజకు అతికిస్తుంది. ఆముదపు పూత ఉంటే అవి సరిగా అతకవు. వండే ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగితే జిడ్డు పోతుంది.

ప్రశ్న: సొంత ఇల్లు పిల్లలకు దూరమవుతోందని అపార్టుమెంటులోకి మారాం. మిద్దె తాళం ఇవ్వరు, మాకున్నది దక్షిణపు బాల్కనీ. మే నెలలో ఊరంతా మాడిపోతున్నా అక్కడ పెట్టిన వడియాలు ఆరక పులిసిన వాసన వచ్చాయి. కొనుక్కుంటే సరిపోతుంది కదా అంటున్నారు పిల్లలు. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మానేయకండి. లోపం మీ చేతిలో లేదమ్మా, సూర్యుడి దారిలో ఉంది. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి ఉత్తరానికి జరిగి, మళ్లీ ఆగస్టు నడిమికి గానీ నడినెత్తికి రాడు. ఆ మధ్యకాలమంతా దక్షిణపు గోడ మీద ఎండ పడదు. మే నెలలో పన్నెండుంబావు వేళ వీధిలో నిలబడి చూస్తే మీ పొట్టి నీడ దక్షిణం వైపే పడుతుంది. మీ బాల్కనీకి వచ్చింది వేడిగాలి మాత్రమే, ఎండ కాదు.

అందుకని మీ వడియాల కాలాన్ని మార్చుకోండి. మాఘ మాసంలో, శివరాత్రికి అటూ ఇటూ, సూర్యుడు ఇంకా దక్షిణంగానే ఉంటాడు, వానలు వెళ్లిపోయి ఉంటాయి, గాలిలో తేమ తగ్గి ఉంటుంది. అప్పుడు మీ బాల్కనీ కటకటాల పక్కన చక్కని ఎండ వస్తుంది. రోహిణి ఎండ అంత తీవ్రత ఉండదు కాబట్టి పిండిని కొంచెం పలచగా, వడియాలను చిన్నవిగా పెట్టండి. పాత నూలుచీరనో పంచెనో తడిపి నీళ్లు పిండేసి, కుర్చీల మీద బిగించి కట్టి, దాని మీద తెల్లవారగానే పెడితే కిందినుంచి కూడా గాలి తగులుతుంది. సాయంత్రానికి అంచులు లేస్తాయి. మర్నాడు బట్టను తిరగేసి, వెనుకవైపు నీళ్లు చిలకరించి, ఒక్కొక్కటీ ఒలిచి పళ్లెంలో పోసి ఎండబెట్టండి. ఒలిచే పనిని మాత్రం పిల్లలకు అప్పగించండి, కొనుక్కుందామన్న మాట వాళ్లు మళ్లీ అంటారో లేదో ఉత్తరం రాయండి.