పాఠకుల ప్రశ్నలు: పరిశోధన నౌక మీద పగలూ రాత్రీ

ప్రశ్న: పరిశోధన నౌకలో పని రాత్రిళ్ళు కూడా ఆగదంటారు. మరి ఎప్పుడు నిద్రపోతారు?

జవాబు: వంతులవారీగా అండి. శాస్త్రజ్ఞులు ఎక్కువగా 12 గంటలు పని, 12 గంటలు విశ్రాంతి పద్ధతిలో ఉంటారు. నౌక నడిపే అధికారులది చాలాచోట్ల 4 గంటల పని, 8 గంటల విరామం. ఒక కేబిన్‌లో ఇద్దరుంటే వీలైనంతవరకు వేరువేరు వంతుల వాళ్ళనే కలుపుతారు. అందుకే మిట్టమధ్యాహ్నమైనా అక్కడ తలుపు దబాలున వేయకూడదు, ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు.

ప్రశ్న: నాలుగు కిలోమీటర్ల లోతు నీటిని పైనీటితో కలవకుండా ఎలా తెస్తారు?

జవాబు: గుండ్రటి చట్రం చుట్టూ నిలువుగా సీసాలు బిగించి ఉంటాయి, సాధారణంగా 12 లేదా 24. కింది భాగంలో ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కొలిచే సీటీడీ అనే పరికరం ఉంటుంది. సీసాలు రెండు వైపులా మూతలు తెరుచుకునే దిగుతాయి. మూసి పంపితే లోపలి గాలి మీద 400 వాతావరణాల ఒత్తిడి పడి నలిగిపోతాయి. చట్రాన్ని తీగతో దించే యంత్రం, అంటే వించ్, నిమిషానికి సుమారు 60 మీటర్ల చొప్పున వదులుతుంది కాబట్టి దిగడానికే గంట దాటుతుంది. దిగేటప్పుడు సీటీడీ కొలతలతో వచ్చే గీతను తెర మీద చూసి, ఏ లోతుల్లో నీళ్ళు కావాలో తేల్చుకుంటారు. సీసాలు మూసేది పైకి వచ్చేటప్పుడే. ప్రతి లోతులో ఆగి, కనీసం అర నిమిషం నిలవాలి. చట్రం తనతో లాక్కొచ్చిన కింది నీరు పక్కకు పోవాలి కదా! ఈ ఓపిక లేకపోతే సీసాలో ఉన్నది మీరు రాసుకున్న లోతు నీరు కాదు.

డెక్ మీదికి చేరాక తొలి పని కారుతున్న సీసాలను పట్టుకోవడం. సీసా పైన గాలిని లోపలికి వదిలే చిన్న మర (గాలిమర) బిగించి ఉండగానే కింది కుళాయి తెరవండి. నీళ్ళు ధారగా వస్తే ఎక్కడో గాలి దూరుతున్నట్టే. మూత కింద తాడు ఇరుక్కుని ఉంటుంది, లేదా రబ్బరు రింగు పక్కకు జరిగి ఉంటుంది. ఆ సీసా నంబరు చీటీలో తప్పకుండా రాయాలి.

నీళ్ళు పట్టే వరుస మార్చకూడదు. వాయువుల నమూనాలు ముందు, ఉప్పదనానిది చివర. గాలిమర తెరిచిన క్షణం నుంచి లోపలికి గాలి చేరి, కరిగి ఉన్న ఆక్సిజన్ లెక్క మారిపోతుంది. ఆక్సిజన్‌కి రబ్బరు గొట్టం ఫ్లాస్కు అడుగుదాకా దించి, బుడగ లేకుండా నింపి, ఫ్లాస్కుకు మూడింతల నీరు పొర్లనివ్వాలి. వెంటనే రసాయనాలు వేసి, బిరడా పెట్టి, బాగా కుదపాలి. ఉప్పదనం సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, మెడదాకా నింపి, మూతి తుడవాలి. అక్కడ ఎండిన ఉప్పు పలుకు ఒక్కటి లోపల పడినా కొలత పెరుగుతుంది. రాత్రి మూడింటికి, చేతులు కొంకర్లు పోతున్న వేళ, తప్పులు దొర్లేది సరిగ్గా ఇక్కడే. కాబట్టి ఒకరు పడుతుంటే మరొకరు నంబర్లు పైకి చదివి రాసుకోవడం చాలా మంచి అలవాటు.

ప్రశ్న: మంచినీళ్ళు నెలంతా సరిపోతాయా?

జవాబు: సముద్రపు నీటినే మంచినీరుగా మారుస్తారు. కొన్ని నౌకల్లో ఇంజిన్ వేడితో ఆవిరిచేసి, కొన్నింట్లో పొరల గుండా ఒత్తిడితో వడకట్టి. రేవు దగ్గరి మురికి నీటితో తయారు చేయరు. పొదుపు తప్పదు: ఒళ్ళు తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకున్నాకే మళ్ళీ తెరవాలి.

ప్రశ్న: సముద్రపు వికారానికి ఏం చేయాలి?

జవాబు: మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక అది కడుపులో నిలవదు. ఏ మాత్రో వైద్యుణ్ణి అడగండి. ఖాళీ కడుపుతో ఉండొద్దు. పొడి బిస్కెట్లు, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు మేలు. నౌక మధ్యలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. డెక్ మీదుంటే దిగంతాన్ని చూడండి. పక్క మీంచి దొర్లిపోతుంటే, బయటి అంచున పరుపు కింద లైఫ్‌జాకెట్ దూర్చి గోడవైపు ఒదిగి పడుకోండి. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఒక రోజంతా నీళ్ళు కూడా నిలవకపోతే మొహమాటపడకుండా నౌకలో వైద్యం చూసేవారికి చెప్పండి.