పాముకు పెట్టే ఫ్రోజెన్ ఎలుకను ఇంట్లో ఎవరికీ జబ్బు రాకుండా కరిగించడం ఎలా?

మీరు రాసినదాన్ని బట్టి: డాలస్‌లో అపార్ట్‌మెంట్, ఒకటే ఫ్రిజ్, మూడేళ్ల పాప, ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు, అబ్బాయి పెంచుకునే బాల్ పైథాన్ పాము. గడ్డకట్టిన ఎలుకలో క్రిములు ఎలాగూ చచ్చిపోతాయి కదా అన్నది మీ ప్రశ్న.

చావవు. మైనస్ 18 డిగ్రీల చలిలో సాల్మొనెల్లా (విరేచనాలు, జ్వరం తెచ్చే క్రిమి) పెరగడం ఆగుతుంది, అంతే. వెచ్చబడగానే మళ్లీ మొదలవుతుంది. అమెరికాలో 2010లో, 2014లో ఫ్రోజెన్ ఎలుకల వల్ల సాల్మొనెల్లా జబ్బు వ్యాపించింది. బ్రిటన్‌లో 2015 నుంచి ఇలాంటి కేసులు వస్తూనే ఉన్నాయి. దీన్ని పచ్చి చికెన్ కంటే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. చికెన్‌ను పేగులు తీసి అమ్ముతారు, ఉడికించి తింటాం. ఎలుక పేగులతో సహా వస్తుంది, ఉడికించం.

ఎలుకలను అన్నం, కూరలు పెట్టే ఫ్రీజర్‌లో ఉంచకపోవడమే మంచిది. చిన్న ఫ్రిజ్ ఒకటి పాత సామాన్లలో కొని పాము గదిలో పెట్టుకోండి, ఈ ఖర్చుకు వెనకాడొద్దు. అది వచ్చేదాకా బిగుతు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో, అన్నిటికంటే కింది అరలో ఉంచండి. డబ్బా మీద పేరు రాయండి, లేకపోతే అమ్మగారు ఏదో అనుకుని తెరుస్తారు.

కరిగించడం ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే, 4 డిగ్రీల దగ్గర. చిట్టెలుకైతే రాత్రి పెడితే తెల్లారేసరికి కరుగుతుంది, పెద్ద ఎలుకకు దాదాపు రోజంతా పడుతుంది. రెండు జిప్ కవర్లు వాడండి. గోళ్లకు, పళ్లకు లోపలి కవర్‌కు సూదిమొనంత చిల్లి పడుతుంది, అందులోంచి కారే ఎర్రటి నీటిలోనే క్రిములు ఉంటాయి. గట్టు మీద వదిలేసి కరిగిస్తే పైన తోలు వెచ్చబడినా పొట్ట లోపల ఇంకా గడ్డగానే ఉంటుంది. అది పూర్తిగా కరిగేలోపు పైభాగంలో క్రిములు పెరుగుతూ పోతాయి. మైక్రోవేవ్ అసలే వద్దు. ఒకచోట ఉడికి ఇంకోచోట మంచుగా ఉంటుంది, పొట్ట పగిలితే మీరు పాలు కాచుకునే మైక్రోవేవంతా చిందుతుంది.

కవర్ మీదినుంచే పొట్టను వేళ్లతో నొక్కి చూడండి. అంతా మెత్తగా ఉండి మధ్యలో గోళీకాయంత గట్టిగా తగిలితే ఇంకా కరగలేదని అర్థం. అలా పెడితే పాము కక్కే ప్రమాదం ఉంది, కక్కినదాన్ని ఎత్తడం ఇంకా పెద్ద మురికి పని. పొట్ట ఆకుపచ్చగా మారినా, ఉబ్బినా, కుళ్లు వాసన వచ్చినా పారేయండి.

తర్వాత వెచ్చబెట్టాలి. కవర్‌తోనే విడిగా ఉంచుకున్న బకెట్‌లో, 40 డిగ్రీల నీళ్లలో, అంటే స్నానానికి తోడుకునే వేడిలో, పది పదిహేను నిమిషాలు. మరిగే నీళ్లలో వేస్తే పొట్ట చిట్లుతుంది. బాల్ పైథాన్ పెదాల మీదుండే గుంటలతో వేడిని పసిగడుతుంది కాబట్టి చివరి నిమిషంలో ఎలుక తలను కాస్త ఎక్కువసేపు నీళ్లలో ముంచి ఉంచితే త్వరగా పట్టుకుంటుంది. వెచ్చబెట్టిన ఎలుకను పక్కన ఉంచకుండా వెంటనే పాముకు పెట్టేయండి. తడి ఉంటే పేపర్ టవల్‌తో అద్దండి, లేకపోతే పాము కింద పరిచిన పొట్టు అంటుకుని పాము నోట్లోకి పోతుంది.

పాముకు ఎలుకను చేత్తో అందించకండి. 30 సెంటీమీటర్ల పట్టకారు పాము కోసమే విడిగా ఉండాలి. ఎలుక వాసన అంటిన వేళ్లను పాము ఎలుకే అనుకుని కొరుకుతుంది. డిస్పోజబుల్ గ్లౌజులు వేసుకున్నా, తీసేశాక సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. గ్లౌజు చేత్తో ఫోను, తలుపు గొళ్లెం ముట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు.

వంటింటి సింకులో బకెట్ కడగొద్దు. నీళ్లు టాయిలెట్‌లో పోసి, ముందు సబ్బుతో రుద్ది, తర్వాత లీటరు నీళ్లకు 20 మిల్లీలీటర్ల మామూలు బ్లీచ్ కలిపి పది నిమిషాలు ఉంచి కడిగేయండి. మురికి మీదే బ్లీచ్ పోస్తే దాని శక్తి అక్కడే అయిపోతుంది. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, మరే క్లీనర్ గానీ కలపకండి, విషవాయువు వస్తుంది.

తినకుండా వదిలేసిన ఎలుకను మళ్లీ గడ్డకట్టించకండి. రాత్రి పెట్టింది తెల్లారేసరికి అలాగే ఉంటే రెండు కవర్లలో కట్టి బయటి చెత్తలో వేయండి. అబ్బాయికి పైసల బాధ ఉంటుంది, అయినా ఒప్పించండి.

ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, 65 దాటినవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు ఈ పనికి, ఆ గదికి దూరంగా ఉండాలి. పాము రెట్టలో కూడా సాల్మొనెల్లా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు, జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే ఇంట్లో పాము ఉందని డాక్టరుకు మొదటే చెప్పండి. చెప్తేనే ఏ పరీక్ష చేయించాలో ఆయనకు తోస్తుంది.