711లో విసిగోతుల రాజ్యం అంత త్వరగా ఎందుకు కూలిపోయింది?

స్పెయిన్‌లో జర్మానిక్ తెగవాళ్లైన విసిగోతుల రాజ్యాన్ని ముఖ్యంగా దెబ్బతీసింది సింహాసనం కోసం వాళ్లలో వాళ్లకున్న తగాదాలే. టొలెడో నుంచి ఏలిన లెయొవిగిల్డ్ 585లో వాయవ్యాన ఉన్న మరో జర్మానిక్ తెగ స్వేబీల రాజ్యాన్ని కూడా కలుపుకుని దాన్ని బలపరిచాడు. వారసత్వం మాత్రం ఎప్పుడూ కుదురుకోలేదు: రాజును పెద్దలు ఎన్నుకోవాలి, రాజులేమో కొడుకులకే కట్టబెట్టాలని చూసేవారు. విటిజా అనే రాజు చనిపోయాక రొడెరిక్ ఒకవైపు, ఈశాన్యంలో అఖిలా మరోవైపు రాజులయ్యారు. అఖిలా పేరు కొట్టిన నాణేలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. 711లో ఉత్తర ఆఫ్రికా నుంచి దండెత్తి వచ్చిన ముస్లిం సేనాని తారిక్ ఇబ్న్ జియాద్ చేతిలో రొడెరిక్ ఓడాక అందరినీ కూడగట్టే నాథుడే లేడు.

ఆ ఒక్క యుద్ధంతోనే అంతా ముగిసిందనుకోవడం పొరపాటు. 713లో థియోడెమిర్ అనే విసిగోతు ప్రభువు ముస్లింలతో ఒప్పందం చేసుకుని ఆగ్నేయాన ఏడు పట్టణాలు నిలుపుకున్నాడు. బదులుగా మనిషికి ఏటా ఒక దీనారు, గోధుమలు, బార్లీ, తేనె, నూనె కట్టాలి.