గోరల్ కొండ ఊళ్లలో జూన్ 23 రాత్రి మంటలు ఎందుకు వేస్తారు?

జూన్ 24 సెయింట్ జాన్ పండుగ. పోలండ్, స్లొవాకియా సరిహద్దు కొండల్లో ఉండే గోరల్ ప్రజలు దాని ముందు రాత్రి మంటలు వేయడం పాత ఆచారం. పగలు బాగా పొడవుగా ఉండే రోజులవి. క్రైస్తవం రాకముందే ఉన్న వేడుకకు ఆ పేరు తర్వాత అంటుకుందని చాలామంది జానపద పరిశోధకుల అభిప్రాయం.

నన్నడిగితే అసలు అందం పెద్ద మంటది కాదు, చీపుళ్లది. అరిగిపోయిన చీపుళ్లను పారేయకుండా దాచి, చెట్టు బంక పూసి వెలిగించి, కుర్రాళ్లు చీకట్లో గుండ్రంగా తిప్పేవారు. కింది లోయలోంచి చూస్తే కొండ మీద నిప్పు చక్రాలే. మంట తగ్గాక ఒక్కొక్కరుగా దాని మీదుగా దూకుతారు.

తేదీ మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. పోలండ్ వైపు చాలా ఊళ్లలో ఇవే మంటలను, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకోస్తు పండుగకు వేస్తారు.