‘పుట్టు నేరస్థుడు’ అనవచ్చా?

సందేహం: మా క్రిమినాలజీ (నేరశాస్త్రం) పుస్తకంలో లాంబ్రోసో సిద్ధాంతం దగ్గర ‘పుట్టు నేరస్థుడు’ అని ఉంది. స్నేహితురాలి నోట్సులో ‘జన్మతః నేరస్తుడు’ అని ఉంది. పేపర్లేమో అరెస్టయిన ప్రతివాణ్ణీ ‘నేరగాడు’ అంటాయి. వీటిలో ఏది సరైనది? నేరస్థుడులో థ వత్తు ఉండాలా, త వత్తా? ‘నేరశాస్త్రం’ అంటే నేరాలు నేర్పే శాస్త్రమనే అర్థం రాదా? పరీక్షలు దగ్గర పడ్డాయి, టెన్షన్‌గా ఉంది.
– న్యాయశాస్త్ర విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: ముందు వత్తు సంగతి చూద్దాం. ‘స్థ’ అంటే ఉన్నవాడు, నిలిచినవాడు. గృహస్థుడు, మధ్యస్థుడు, తటస్థుడు అన్న మాటల్లో ఉన్నది ఇదే. కాబట్టి నేరస్థుడు అని థ వత్తుతో రాయండి. వ్యాధిగ్రస్తుడులోని ‘గ్రస్త’ వేరే మాట. దానికి మింగబడిన, పట్టుబడిన అని అర్థం, అక్కడ త వత్తే ఉండాలి. ఈ రెండూ కలగాపులగమై ‘నేరస్తుడు’ వాడుకలోకి వచ్చింది. నేరం తెలుగు మాట, స్థ సంస్కృతం, రెండింటినీ కలపవచ్చా అని వ్యాకరణం చదివినవారు అడగవచ్చు. దస్తావేజుల్లో ‘విశాఖపట్నం కాపురస్థులు’ అని ఎన్నాళ్లుగానో రాస్తున్నాం. వాడుక ఒప్పుకున్నదాన్ని ఇప్పుడు కాదనడం అనవసరం.

మీ ప్రశ్నలో అసలు బరువంతా ‘పుట్టు’ అన్న రెండక్షరాల మీద ఉంది.

తెలుగులో పుట్టు ఎక్కడ చేరుతుందో గమనించండి. పుట్టుమచ్చ, పుట్టుగుడ్డి, పుట్టుమూగ, పుట్టువెంట్రుకలు. ఎక్కువగా ఇది ఒంటికి సంబంధించిన మాటలతోనే కలుస్తుంది. ఇటలీ వైద్యుడు చెజారే లాంబ్రోసో చెప్పినదీ ఒంటి గురించే. జైళ్లలో ఖైదీల తలలూ దవడలూ చెవులూ కొలిచి, 1876లో తన పుస్తకం మొదటి కూర్పు వెలువరించాడు. పెద్ద దవడలు, ఎత్తయిన చెంప ఎముకలు, పొడుచుకొచ్చిన చెవులు, పొడవాటి చేతులు ఆయనకు గుర్తులు. కొందరు ఆదిమ మానవుడి లక్షణాలతో మళ్లీ పుడతారని, అలాంటివారు నేరం చేయకుండా ఉండలేరని ఆయన వాదం. నేరాన్ని పుట్టుమచ్చలా చూశాడన్నమాట. అందుకే ఆ సిద్ధాంతానికి అనువాదంగా ‘పుట్టు నేరస్థుడు’ చక్కగా కుదిరింది. ఆ పేరు పెట్టినది లాంబ్రోసో కాదు, ఆయన అనుయాయి ఎన్రికో ఫెర్రీ. పరీక్షలో ఈ ముక్క కూడా రాయండి.

‘జన్మతః’ నాకు నచ్చదు. దానికి కారణం వ్యాకరణం కాదు. మన దగ్గర జన్మ అనగానే మనసు కులం వైపు వెళుతుంది. లాంబ్రోసో ఒక్కొక్క మనిషి దేహం గురించి మాట్లాడాడు. కులాలకు కులాలనే నేరస్థుల పట్టికలో ఎక్కించిన పని ఆయనది కాదు, ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వానిది. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది, అంటే లాంబ్రోసో పుస్తకానికి ఐదేళ్ల ముందే. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. అప్పుడు మన విశాఖ కూడా ఆ ప్రెసిడెన్సీలోదే. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటు. దాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపింది. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది, ఆ తెగలవారు ‘విముక్త జాతులు’ అయ్యారు. అయినా ‘స్టువర్టుపురం దొంగ’ అన్న మాట ఈనాటికీ అలవోకగా వాడేవాళ్లున్నారు. ఊరి పేరునే తిట్టుగా మార్చిన ఆ వాడుక వింటే నాకు బాధగా ఉంటుంది. చట్టం కొట్టేసినదాన్ని మన నోరు ఇంకా మోయకూడదు.

ఇక నేరగాడు. ఆటగాడు, వేటగాడు, మోసగాడు అన్నప్పుడు ‘గాడు’ అలవాటునో వృత్తినో చెబుతుంది. ఒకసారి బంతి తన్నినవాణ్ణి ఆటగాడు అనం కదా. కాబట్టి పదేపదే నేరాలు చేసినట్టు రుజువైనవాడికే నేరగాడు సరిపోతుంది. బీచ్ రోడ్డులో గొలుసు తెంపాడని ఈ ఉదయం పట్టుబడినవాడు ఇంకా నిందితుడు మాత్రమే. నింద మోపబడినవాడు అని ఆ మాటే చెబుతోంది. కోర్టు తేల్చాక దోషి. ముద్దాయి కూడా నిందితుడే. ఉర్దూలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, మన తెలుగులో అది తలకిందులై ఎదుటివాడికి అంటుకుంది. అలా స్థిరపడిపోయింది, ఇప్పుడు దిద్దాల్సిన పని లేదు. నిందితుణ్ణి నేరస్థుడని రాయడం మాత్రం దిద్దితీరాలి. అది భాషలో తప్పే కాదు, ఆ మనిషికి అన్యాయం కూడా.

మీ పాఠంలోని సిద్ధాంతాలు గుర్తుండడానికి కర్త, క్రియ అన్న రెండు మాటలు చాలు. 1764లో మిలాన్‌లో ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా నేరాలు, శిక్షల గురించి రాసినప్పుడు ఆయన చూపంతా క్రియ మీద ఉంది. ఏం చేశాడు, దానివల్ల సమాజానికి ఎంత హాని, దానికి తగిన శిక్ష ఎంత? అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. శిక్ష క్రూరంగా ఉండడం కన్నా తప్పక పడడం, త్వరగా పడడం ముఖ్యమన్నాడు. చిత్రహింసలనూ మరణశిక్షనూ కాదన్నాడు. మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకుని నడుస్తాడన్న ఈ నమ్మకాన్నే ఇంగ్లండు తత్వవేత్త బెంథామ్ ఇంకా విస్తరించాడు. మన పెద్దలు తరచూ అనే ‘దండం దశగుణం భవేత్’ దీనికి పూర్తిగా సరిపోదు. అది దెబ్బ గట్టితనాన్ని నమ్ముకుంటుంది, బెకారియా దెబ్బ తప్పదన్న నమ్మకాన్ని కోరుకున్నాడు.

లాంబ్రోసోతో చూపు క్రియ నుంచి కర్త మీదికి మళ్లింది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అనే సామెత ఆయన పక్షం. కానీ ఇంగ్లండులో జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ దాదాపు 3,000 మంది ఖైదీలను కొలిచి, విద్యార్థులూ సైనికుల వంటి ఇతరులతో పోల్చి 1913లో ఫలితాలు ప్రకటించాడు. ఖైదీలు సగటున కాస్త పొట్టిగా, తక్కువ బరువుతో ఉన్నారే తప్ప, లాంబ్రోసో చెప్పిన ప్రత్యేకమైన ఆకారం ఏదీ లేదని తేలింది.

సామెతల్లో రెండో పక్షమూ ఉంది. ‘ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు.’ అమెరికన్ సామాజికవేత్త సదర్లాండ్ 1939లో ప్రతిపాదించి, 1947లో తొమ్మిది సూత్రాలుగా రూపుదిద్దిన సిద్ధాంతానికి ఇంతకన్నా దగ్గరి తెలుగు మాట నాకు తోచదు. నేరం నేర్చుకునేది, అదీ దగ్గరివాళ్ల మధ్య, పనితనంతోపాటు ‘ఇందులో తప్పేముంది’ అనే సమర్థింపు కూడా అక్కడే అబ్బుతుంది అంటాడాయన. ఎంత తరచుగా, ఎంత కాలం, ఎంత చిన్న వయసు నుంచి, ఎంత గాఢంగా అన్నవి ఆయన లెక్కలు. సామెతలోని ఆరు నెలల్లో ‘ఎంత కాలం’ ఉండనే ఉంది! మన ఉత్తరాంధ్ర తల్లులు ‘మా గుంటడు సావాసాల వల్ల పాడైపోనాడు’ అని చెప్పుకునేదీ ఇదే. ఈ సిద్ధాంతం ఇంగ్లిషు పేరు ‘డిఫరెన్షియల్ అసోసియేషన్’కు ‘భేదాత్మక సాహచర్యం’ లాంటి బరువైన అనువాదం పుస్తకంలో ఉంటే ఉండనివ్వండి. జవాబులో ఒకసారి ‘సావాస సిద్ధాంతం’ అనీ రాయండి, దిద్దేవారికి మీకు అర్థమైందని తెలుస్తుంది.

చివరిది నేరశాస్త్రం. ఇటలీకే చెందిన న్యాయవేత్త గరోఫాలో 1885లో తన పుస్తకానికి ‘క్రిమినాలజీ’ అన్న పేరు పెట్టాడు. నేరశాస్త్రం అంటే నేరాలు నేర్పేదన్న అర్థం రాదు. రోగనిదానశాస్త్రం రోగాలు అంటించదు కదా! నిస్సంకోచంగా రాయండి. ‘నేర పరిశోధన’ అని మాత్రం రాయకండి. అది పోలీసులు కేసు ఛేదించే పని, సి.ఐ.డి. పేరులో ఉన్నది ఆ మాటే.