తమ్ముడి మెదడులో ఫంగస్: ఇమ్యూనిటీ ఇంజెక్షన్ వేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 24 ఏళ్లు. తలనొప్పి, ఫిట్స్ వస్తే స్కానింగ్ తీసి, మెదడులో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. అందులో కాండిడా అనే ఫంగస్ ఉందన్నారు. షుగర్, హెచ్ఐవీ లేవు. రక్తపరీక్షలన్నీ నార్మల్. చిన్నప్పటి నుంచి నోట్లో తెల్లపూత, ఒంటిమీద తామర మాత్రం వదల్లేదు. అమ్మానాన్నలది మేనరికం. ఇమ్యూనిటీ పెంచే ఇంజెక్షన్ వేయిస్తే త్వరగా తగ్గుతుందని బంధువులు అంటున్నారు. నాకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక అక్క, కొత్తపేట, గుంటూరు

జవాబు: అమ్మా, చిన్నప్పటి నుంచి వదలని తెల్లపూత, తామర, మేనరికం... ఈ మాటలు తమ్ముడికి వైద్యం చేస్తున్న డాక్టరుగారికి చెప్పారా? లేకపోతే రేపే చెప్పండి. ఆపరేషన్ హడావుడిలో పాత తామర సంగతి ఎవరికీ గుర్తురాదు. బ్రాడీపేటలో నా దగ్గరకు వచ్చేవాళ్లు కూడా ఏళ్ల తరబడి మెడికల్ షాపు ఆయింట్‌మెంట్లతోనే నెట్టుకొస్తుంటారు. అలాంటివాళ్లను నేను మేనరికమా అని తప్పకుండా అడుగుతాను.

2021లో బ్లాక్ ఫంగస్‌ను చూశాక, ఫంగస్ అనగానే మనకు షుగర్, స్టెరాయిడ్లే గుర్తొస్తున్నాయి. అవి లేని కుర్రాడి మెదడులోకి కాండిడా చేరితే పుట్టుకతో వచ్చిన లోపం కోసం వెతకాలి. వాటిలో ముఖ్యమైనది కార్డ్9 జన్యువు లోపం. 2009లో గుర్తించారు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు కాపీలూ చెడితేనే జబ్బు వస్తుంది. అందుకే మేనరికం ఉన్న ఇళ్లలో దీనికి అవకాశం ఎక్కువ. ఈ లోపమున్నా తెల్లకణాల లెక్క సరిగానే ఉండొచ్చు. అయితే మెదడులోని కాపలా కణాలు ఫంగస్ వచ్చిందని సరిగా కబురు పంపలేవు, ఫంగస్‌తో పోరాడే తెల్లకణాలు, అంటే న్యూట్రోఫిల్స్, తగినన్ని అక్కడికి చేరవు. మామూలు రక్తపరీక్షలో ఇది దొరకదు, జన్యు పరీక్ష చేయించాలి.

ఇక ఇంజెక్షన్ సంగతి. ఏ లోపమో తేలకుండా వేయించకండి. కార్డ్9 లోపమైతే, ఫంగస్ మందులతో పాటు తెల్లకణాలను పెంచే జీఎం-సీఎస్ఎఫ్ ఇంజెక్షన్ ఇస్తే కొందరు కోలుకున్నారు, కొందరికి పనిచేయలేదు. న్యూట్రోఫిల్స్ ఫంగస్‌ను చంపలేని వేరే పుట్టుక జబ్బులో ఇంటర్‌ఫెరాన్ గామా అనే మరో ఇమ్యూనిటీ ఇంజెక్షన్ వాడతారు. నిరోధక శక్తి పెరిగితే అంతా మంచే అనుకోవద్దు. క్రిప్టోకాకస్ అనే ఫంగస్‌తో మెదడువాపు వచ్చిన హెచ్ఐవీ రోగులకు, హెచ్ఐవీని అణచి నిరోధక శక్తిని పెంచే ఏఆర్‌టీ మందులు వెంటనే మొదలుపెడితే మరణాలు పెరిగాయని 2014లో తేలింది. అందుకే ఇప్పుడు 4 నుంచి 6 వారాలు ఆగుతున్నారు. నిరోధక శక్తి ఒక్కసారిగా పుంజుకుంటే వాపు వస్తుంది, పుర్రెలో ఆ వాపుకు చోటు లేదు.

ఇది అంటువ్యాధి కాదు, భయపడకండి. తమ్ముడికి ఆ లోపం తేలితే మీకూ ఉండే అవకాశం నాలుగో వంతు. పెద్దయ్యాక బయటపడినవాళ్లూ ఉన్నారు కాబట్టి అప్పుడు మీరూ పరీక్ష చేయించుకోండి. ఇంట్లో మళ్లీ మేనరికం సంబంధం అనుకుంటుంటే ఆ రిపోర్టు వచ్చేదాకా ఆగమనండి.

తలనొప్పి తగ్గిందని ఫంగస్ మందులు ఆపొద్దు, నెలల తరబడి వాడాల్సి ఉంటుంది. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ ఇస్తుంటే ఆ చీటీ కూడా చూపించండి. వొరికొనజోల్ అనే ఫంగస్ మందుతో కలిపి వాడితే ఆ ఫంగస్ మందు రక్తంలో తగ్గిపోతుంది. మోతాదు మార్చాలో, ఫిట్స్ మాత్రే మార్చాలో డాక్టరుగారు నిర్ణయిస్తారు.