తుమ్మ మొద్దు మీద కొత్త కత్తి
(పనిముట్ల పేజీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: గురువుగారూ, నమస్కారం. మాది గంట్యాడ దగ్గర పల్లెటూరు. నా వయసు 24. అడవిలో, ఆరుబయట ఒక్క కత్తితో పొయ్యి, గుడిసె, గరిటె అన్నీ చేసుకునే బుష్‌క్రాఫ్ట్ వీడియోలు రెండేళ్ళుగా చూస్తున్నాను. తెలిసిన కమ్మరి గారి దగ్గర లారీ కమాన్ పట్టీతో నాలుగున్నర అంగుళాల కత్తి చేయించుకున్నాను. 1,400 రూపాయలు అయింది. పిడి చింతకర్ర. కార్తీక మాసం వనభోజనాలకు తాటిపూడి వెళ్ళినప్పుడు దాన్ని తీసుకెళ్ళాను. వంటకు తెచ్చిన ఎండు తుమ్మ మొద్దు మీద ఆనించి, వెన్ను మీద కర్రతో కొట్టి చీల్చబోయాను. పది పన్నెండు దెబ్బలకే అంచు మధ్యలో రెండు చోట్ల నూకగింజంత పెచ్చు ఊడింది. అరగంటకే అరచేతిలో బొబ్బ లేచింది. ఫ్రెండ్స్ అందరూ మోసపోయావంటున్నారు. కత్తి పనికిరానిదేనా? ఇలాంటిది వెంట పెట్టుకుంటే కేసు అవుతుందా? స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీసి పంపుతున్నాను.

జవాబు: బాబూ, కత్తిని పారేయకు. ఆ కమ్మరి గారిని ఇప్పుడే తప్పుపట్టకు. నీ ఫోటోలు మూడుసార్లు చూశాను. నాకు తోచింది చెబుతాను, చివరి తీర్పు మాత్రం నువ్వే కత్తిని చూసి తేల్చుకోవాలి.

మా నాన్నకు చీపురుపల్లి పక్కన కొలిమి ఉండేది. కొత్త కొడవలి తయారైన రోజున దాన్ని రైతుకి ఇచ్చేవాడు కాదు. మర్నాడు పొద్దున్నే మా దొడ్లో ఆ కొడవలితో పది నిమిషాలు గడ్డి కోసి, తర్వాత అంచును ఎండకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసేవాడు. బాగున్న అంచు ఎండలో కనబడదు, నల్లటి గీతలా ఉండిపోతుంది. ఎక్కడైనా తెల్లగా తళుక్కుమందంటే అక్కడ మడతపడిందనో, పెచ్చు పోయిందనో లెక్క. మెరుపు కనబడితే కొడవలి మళ్ళీ కొలిమిలోకే. కొడవలికి గడ్డితోనే పరీక్ష, కర్రుకి దుక్కితోనే పరీక్ష. నీ కత్తికి మొదటి రోజే పెట్టిన పరీక్ష గొడ్డలికి పెట్టాల్సింది.

ముందు పెచ్చు సంగతి చూద్దాం. భూతద్దం తీసుకుని, పెచ్చు ఊడిన గుంట లోపలికి చూడు. పంచదార పలుకుల్లా మెరిసే గింజలు కనబడితే ఉక్కు కొలిమిలో మితిమీరి కాగిందన్నమాట. అది వేడి తప్పు, సరిదిద్దాలంటే మళ్ళీ కాల్చాల్సిందే. నలిగిన బూడిదలా, మెత్తటి బట్టలా సన్నగా, బూడిదరంగుగా కనబడితే ఉక్కు మంచిదే.

ఈ పంచదార పలుకులు నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలి. నాన్న పోయాక, 35 ఏళ్ళ కిందట, వేరే ఊళ్ళో ఒకరి చేత కమాన్ పట్టీ కత్తి చేయించుకున్నాను. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి కొండ కింద, కింద పడి ఉన్న ఎండుకొమ్మ మీద పెట్టి నీలాగే కొట్టాను. కణుపు దగ్గర కత్తి రెండు ముక్కలైంది, విరిగిన చోట అవే పంచదార పలుకులు. మొన ముక్క మా బావమరిది చెవి పక్కనుంచి దూసుకుపోయింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. తర్వాత తెలిసింది, దాన్ని మితిమీరి కాల్చింది చాలక, ఎర్రగా ఉండగానే నీళ్ళలో ముంచి, మళ్ళీ పెళుసుతనం పోగొట్టే సన్నని వేడి చూపించకుండా పిడి బిగించేశారని. కమాన్ పట్టీ ఉక్కులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. దాన్ని నూనెలో ముంచాలి. నీళ్ళలో ముంచితే ఒక్కసారిగా బిగుసుకుని, కంటికి ఆనని పగుళ్ళు పడే ప్రమాదం ఉంది. ఆ విరిగిన ముక్కను పారేయలేదు. ఐటీఐలో ఫిట్టర్ పాఠం చెప్పిన 29 ఏళ్ళూ, ప్రతి బ్యాచ్‌కీ దాన్ని చేతికిచ్చి గింజ చూడమనేవాణ్ణి.

నీ కత్తిది ఆ జబ్బు కాదనే నా అనుమానం. నీ రెండో ఫోటోలో స్కేలు స్పష్టంగా కనబడుతోంది. కత్తి మందం 5 మి.మీ. అంచు కోసం వాలుగా అరగదీసిన భాగం వెడల్పు 14 మి.మీ. లెక్క కడితే రెండు వైపులా కలిపి అంచు కోణం 20 డిగ్రీలు, కొంచెం అటూ ఇటూ. అది కూరగాయల చాకు కోణం. వీడియోల్లో చూసే ఈ ఒకే వాలు కత్తులు స్వీడన్, ఫిన్లాండ్ వైపు పుట్టినవి. అక్కడి వాళ్ళు చెక్కేది పైన్, బర్చ్ లాంటి, తుమ్మ కన్నా మెత్తని కర్ర. వాళ్ళు కూడా 25 డిగ్రీల దగ్గర ఉంచుతారు. మన తుమ్మ బండి చక్రాలకూ, నాగళ్ళకూ వాడిన కర్ర. ఎండిన తుమ్మకు, సరుగుడుకు ఇంత పల్చని అంచు ఎదురు నిలవదు. బహుశా నువ్వే కమ్మరి గారికి ఫోన్‌లో బొమ్మ చూపించి ఇలాగే కావాలన్నావేమో, ఒకసారి గుర్తు చేసుకో.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పెచ్చులు పోయేదాకా గరుకు రాయి మీద నీళ్ళు పోస్తూ చేత్తోనే అరగదీయి. ఒక సాయంత్రం పడుతుంది, ఓపిక పట్టు. గ్రైండర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. పల్చని అంచు రెండు క్షణాల్లో నీలం రంగుకి తిరుగుతుంది, నీలం తిరిగిందంటే అక్కడ పదును నిలిచే గుణం పోయినట్టే. తర్వాత సన్నరాయి మీద వాలు మొత్తం ఆనించి నూరు. చివర్లో వెన్నును కొద్దిగా పైకెత్తి, రెండు వైపులా నాలుగైదుసార్లు మాత్రం లాగు. నీ కత్తి వెడల్పు 28 మి.మీ. కాబట్టి వెన్ను కింద రాయికీ కత్తికీ మధ్య 5 మి.మీ. సందు ఉంటే, చిట్టచివరి అంచు కోణం 30 డిగ్రీలకు వస్తుంది. అంచు పక్కన వెంట్రుకంత తెల్లగీత కనబడుతుంది, అది కొత్త వాలే, మడత కాదు. అంత చాలు.

తర్వాత ఇంట్లోనే ఒక పరీక్ష. పాత ఇత్తడి గరిటె ఉంటే, గుండ్రటి కాడ ఉన్నది, దాన్ని బల్ల మీద పెట్టి గట్టిగా పట్టుకో. అంచును కాడ మీద వాలుగా ఆనించి, మెల్లగా నొక్కుతూ లాగు. దీపం వెలుతురులో చూస్తే అంచు కాడ మీద సన్నగా వంగి, దాటగానే మళ్ళీ నిటారుగా రావడం కనబడుతుంది. అలా తిరిగొస్తే వేడి సరిగ్గా పట్టింది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు ఊడితే పెళుసు. పెళుసైతే అప్పుడు కమ్మరి గారి దగ్గరికి వెళ్ళు. పిడి ఊడదీసి 200 డిగ్రీల దగ్గర గంటసేపు, చల్లారాక ఇంకో గంట సన్నవేడి పెట్టమని అడుగు. ముందుగా మెరిసేలా రుద్దిన ఉక్కు ఆ వేడికి ఎండుగడ్డి రంగు తిరుగుతుంది. ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని వెళ్ళకు, ఒక్కడివే వెళ్ళు. చేసిన మనిషికి తన పనిలో లోపం నలుగురి ముందు వినడం కష్టం.

అంతా అయ్యాక మళ్ళీ ఆరుబయటికి తీసుకెళ్ళు. మొదట పచ్చి వెదురు, తర్వాత ఎండు వెదురు. వెదురు పై తొక్కలో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, అంచును తొందరగా తింటుంది. కాబట్టి ఎండు వెదురు మీద పది కోతలు కోసి ఎండలో అంచు చూసుకో. ఆ తర్వాత ఎండు పుల్ల తీసుకుని, పుల్ల నుంచి విడిపోకుండా చివర చుట్టలు చుట్టుకునేలా పల్చగా చెక్కు. పొయ్యి అంటించడానికి అదే పనికొస్తుంది. కత్తి ఎంత చెప్పుచేతల్లో ఉందో ఆ చుట్టలే చెబుతాయి. చుట్టలు మధ్యలో తెగిపోతున్నాయంటే అంచు కర్రలోకి దిగిపోతోందని, అంచు దిగకుండా పైపైనే జారిపోతోందంటే మొద్దుబారిందని అర్థం. కర్రతో కొట్టి చీల్చడం అన్నిటికన్నా చివర. కణుపులు లేని, మణికట్టుకు మించని లావు కర్ర తీసుకో. మొన రెండు వేళ్ళ వెడల్పు బయటికి కనబడాలి. తుమ్మకు గొడ్డలి ఉంది, దాని పని దానికి వదిలెయ్.

బొబ్బ విషయం. కొత్త పిడికి అంచులు నలుపలకలుగా ఉంటాయి. అరగంట చెక్కి చెయ్యి విప్పి చూడు. అరచేతిలో ఎర్రబడిన చోటికి ఎదురుగా పిడి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గరుకు కాగితంతో అక్కడ మాత్రమే రుద్దు. మళ్ళీ అరగంట పని, మళ్ళీ గుర్తు. నా కత్తికి ఇలా మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు కళ్ళు మూసుకుని పట్టుకున్నా అంచు ఏ వైపు ఉందో చేతికి తెలుస్తుంది.

ఇక కేసు సంగతి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల్ని ఆయుధాల జాబితాలో పెట్టారు. ఇంటికీ, వ్యవసాయానికీ, పనికీ చేసినవి అందులోంచి మినహాయింపు. నీది నాలుగున్నర అంగుళాలే. అయినా నడుముకు వేలాడదీసుకుని బస్సెక్కకు. ఒరలో పెట్టి, గుడ్డలో చుట్టి, సంచి అడుగున పెట్టుకో. ఎన్నికలప్పుడు, పోలీసు ఆంక్షలున్నప్పుడు ఇంట్లోనే ఉంచు. రిజర్వు ఫారెస్టులో చెట్టు నరకడం, నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం, కత్తి ఎంత చిన్నదైనా సరే. మీ సొంత దొడ్డి, తెలిసినవాళ్ళ తోట చాలు. నేలమీద పడి ఉన్న కర్రే వాడు. మార్చి దాటితే జీడితోటల్లో ఆకు రాలి పరుచుకుని ఉంటుంది, అక్కడ అగ్గిపుల్ల కూడా గీయకు.

ప్రశ్న: మాది సోంపేట వైపు ఉద్దానం. మా అబ్బాయి చేయించుకున్న కత్తిని తోటలో మామిడికాయలకీ, జీడిమామిడి పళ్ళకీ వాడాను. నీలం, నలుపు మచ్చలు పడ్డాయి. తోలు ఒరలో పెడితే వారానికే ఎర్ర తుప్పు. సముద్రపు గాలి వల్లనా, ఉక్కు నాసిరకమా?

జవాబు: అమ్మా, నల్లమచ్చ వేరు, ఎర్రతుప్పు వేరు. పుల్లటి కాయ రసం ఇనుముతో కలిసి ఏర్పడిన నీలినలుపు పొర కత్తికి చెడు చేయదు, కొంత కాపాడుతుంది కూడా. దాన్ని రుద్ది పోగొట్టకండి. కమాన్ పట్టీ స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి ఉప్పుగాలికి ఎర్రతుప్పు తప్పదు. ఆ తుప్పును మాత్రం చింతపండుతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వెంటనే కొబ్బరినూనె రాయండి. మీ ఇంట్లో నూనెకు కొదవ ఉండదు. తోలు తడిని పట్టి ఉంచుతుంది, అందుకే కత్తిని నిలవ ఉంచేటప్పుడు ఒరలో పెట్టకండి. నూనెగుడ్డలో చుట్టి గూట్లో పెట్టండి. తోటకు వెళ్ళేటప్పుడే ఒర. పచ్చి జీడిపిక్కలు మాత్రం ఈ కత్తితో కోయొద్దు. ఆ జీడి ఒంటికి తగిలితే కాలుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. అది పిడిలోకి ఇంకితే తర్వాత పట్టుకున్నవాళ్ళ చేతికీ అంటుతుంది. 2018 తిత్లీ తుపానుకు కూలిన జీడిచెట్ల కర్ర మీ దగ్గర ఇంకా ఉంటే, పిడికి వాడొచ్చా అని కూడా అడిగారు. పురుగు పట్టకుండా నీడలో ఆరిన ముక్కైతే ప్రయత్నించండి. కానీ అది అంత గట్టి కర్ర కాదు, చింతే మేలు.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా మనవరాలికి పదకొండేళ్ళు. నా చిన్నకత్తి అడుగుతోంది, చెక్కడం నేర్చుకుంటానంటోంది. ఇవ్వాలంటే భయం.

జవాబు: అయ్యా, ఇవ్వండి, మీరు పక్కన కూర్చోండి. పీట మీద కూర్చోబెట్టి, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, మోకాళ్ళకు అవతల గాలిలో చెక్కమనండి. తొడల మధ్య ఎప్పుడూ కత్తి ఆడకూడదు, తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. చెయ్యి చాపి చుట్టూ తిప్పితే అందేంత దూరంలో ఎవరూ ఉండకూడదు. మొద్దుకత్తి ఇస్తే భద్రం అనుకోకండి. మొద్దుకత్తికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన చెయ్యే జారుతుంది. శుభ్రమైన గుడ్డ ఒకటి దగ్గర ఉంచుకోండి, తెగితే పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టాలి. మీ ఊళ్ళో వీణలు చేసే పనస కర్ర ఇప్పుడే వద్దు, చిన్న చేతికి బరువు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మెత్తగా, సబ్బులా తెగుతుంది, అది దొరికితే జానెడు ముక్క ఇవ్వండి. మొదటి పనిగా మేకపిల్లను కట్టే గూటం చెక్కించండి. ఒక చివర మొన, రెండో చివర తాడు జారకుండా చిన్న గాడి. మేకపిల్ల లాగినా ఊడిరాకపోతే ఆ గూటం ఫోటో పంపండి, ఈ పేజీలో వేస్తాం.